నలభై రోజుల ఉమ్మడి నౌకాదళం: జావా సముద్రం, 1942

తీరవాసి
ఫిబ్రవరి 27, ఉదయం 6.50

ఈ రోజు ఫిబ్రవరి 27. 1942లో ఇదే తేదీన, సాయంత్రం నాలుగుంపావుకు, అప్పటి డచ్ వలస, ఇప్పటి ఇండోనేషియాలోని జావా దీవి రేవు సురబాయకు ఉత్తరాన జావా సముద్రంలో నాలుగు దేశాల యుద్ధనౌకలు ఒకే వరుసలో జపాన్ నౌకాదళం మీదికి వెళ్లాయి. అమెరికన్లు, బ్రిటిషర్లు, డచ్చివారు, ఆస్ట్రేలియన్లు. ఇంగ్లీషులో ఈ నాలుగు మాటల మొదటి అక్షరాలు కూర్చి ఆ కూటమికి ‘ఆబ్డా’ అని పేరు పెట్టారు. అయిదు క్రూయిజర్లు (పెద్ద యుద్ధనౌకలు), తొమ్మిది డిస్ట్రాయర్లు (వాటికంటే చిన్నవి, వేగమైనవి) బయలుదేరాయి. మర్నాడు తెల్లవారేసరికి వాటిలో రెండు క్రూయిజర్లు, మూడు డిస్ట్రాయర్లు లేవు. దాదాపు 2,300 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. మరో రెండు రోజుల్లో మిగిలిన మూడు క్రూయిజర్లూ మునిగిపోయాయి.

పసిఫిక్ యుద్ధం అనగానే అందరూ పెర్ల్ హార్బర్, మిడ్‌వే అంటారు. ఆబ్డా పేరెత్తేవారు అరుదు. ఎత్తినా, ఉమ్మడి దళాన్ని నడిపిన డచ్ రియర్ అడ్మిరల్ కారెల్ డోర్మన్ మొండితనం వల్లే అంతా పోయిందని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఏళ్లుగా చదువుతున్న కొద్దీ ఆ తీర్పు నాకు అన్యాయంగా తోస్తోంది. ఆ దళాన్ని ఏర్పాటు చేసిన తీరులోనే ఓటమి ఉందని నా నమ్మకం. ఈ సభలో నౌకాదళంలో పనిచేసినవారు, చరిత్ర శ్రద్ధగా చదివినవారు ఉన్నారు. మీ అభిప్రాయాలు వినాలని ఉంది.


పాతపటాలు
ఫిబ్రవరి 27, ఉదయం 8.15

మంచి రోజున మొదలుపెట్టారు. దళం కంటే ముందు దాన్ని నడిపిన కార్యాలయం సంగతి చెప్పుకోవాలి.

1941 డిసెంబరు చివర రూజ్‌వెల్ట్, చర్చిల్ వాషింగ్టన్‌లో సమావేశమై, బర్మా నుంచి న్యూగినీ దాకా ఉన్న ప్రాంతమంతటికీ ఒకే సేనాధిపతి ఉండాలని నిర్ణయించారు. ఆ పని అప్పటిదాకా భారత సైన్యాధిపతిగా ఉన్న వేవెల్‌కు అప్పగించారు. ఆయన 1942 జనవరి 15న బాధ్యతలు తీసుకుని, జావాలో బాండుంగ్ దగ్గరి లెంబాంగ్ అనే కొండ ఊరిలో కార్యాలయం పెట్టాడు. ఫిబ్రవరి 25న ఆ కమాండ్‌నే రద్దు చేసి వెళ్లిపోయాడు. మొత్తం 41 రోజులు. యుద్ధం జరిగిన 27వ తేదీ నాటికి ఆబ్డా అనే ఉమ్మడి కమాండ్ కాగితం మీద కూడా లేదు. ఈ సంగతి చాలామంది గమనించరు.

నౌకల వరకు మొదట అమెరికా అడ్మిరల్ థామస్ హార్ట్ అధిపతి. తమ దీవుల చుట్టూ ఉన్న నీళ్లలో తమవాడు కాకుండా మరొకరు పెత్తనం చేయడం డచ్చివారికి నచ్చలేదు. ఫిబ్రవరి మధ్యలో హార్ట్ తప్పుకుని, జావాలోనే పుట్టిన డచ్ అడ్మిరల్ హెల్‌ఫ్రిక్ వచ్చాడు. కుర్చీ మారింది కానీ అసలు చిక్కు అలాగే ఉంది. బ్రిటిషర్ల చూపంతా సింగపూర్ మీద. జనవరి నెలంతా వాళ్ల నౌకలు అక్కడికి సైనికులను చేరవేసే ఓడలకు కాపలా కాశాయి. మన నౌకలు సట్లెజ్, జమున కూడా ఆ కాన్వాయ్‌ల కాపలాలోనే ఉన్నాయి. అమెరికన్లకు ఆస్ట్రేలియా దారి ముఖ్యం. ఆస్ట్రేలియన్లకు సొంత తీరం ముఖ్యం. డచ్చివారికి జావా పోతే అక్కడ మిగిలేదేమీ లేదు. ఒకే పడవ ఎక్కి నలుగురూ నాలుగు రేవుల వైపు చూశారు.


సాగరిక
ఫిబ్రవరి 27, ఉదయం 10.05

తీరవాసి గారూ, డోర్మన్ మీద మీకున్న సానుభూతి అర్థమైంది కానీ నేను ఒప్పుకోలేను. ఫిబ్రవరి 4న ఫ్లోరెస్ సముద్రంలో విమానాలు మీద పడితే ఆయన వెనక్కి తిరిగాడు. 15న గాస్పర్ జలసంధి దగ్గరా అంతే. 19 రాత్రి బాలి పక్కన బాడుంగ్ జలసంధిలో దాడి చేసినప్పుడు దళాన్ని ముక్కలు చేసి, విడతలు విడతలుగా పంపాడు. జపాన్ నౌకలు ఎన్నో లేకపోయినా ‘పీట్ హైన్’ అనే డిస్ట్రాయర్‌ను పోగొట్టుకున్నాడు. అన్నిటికంటే పెద్ద తప్పు 27న చేశాడు. రాత్రి యుద్ధం అవుతుందన్న అంచనాతో క్రూయిజర్లలో ఉండాల్సిన గస్తీ విమానాలను ఒడ్డునే వదిలేశారు. జపాన్ విమానాలు మాత్రం పై నుంచి ఈయన ప్రతి మలుపునూ చూస్తూ కబురు చేశాయి. కళ్లు ఇంట్లో పెట్టి యుద్ధానికి వెళ్లిన నాయకుడిని ఎలా సమర్థిస్తాం?


తీరవాసి
ఫిబ్రవరి 27, మధ్యాహ్నం 1.30

సాగరిక గారూ, బాడుంగ్ విషయంలో మీరన్నది నిజమే, కాదనను. గస్తీ విమానాల సంగతిలోనూ తప్పు తప్పే. కానీ కొన్ని తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి.

డోర్మన్ దళాన్ని కూర్చింది ఫిబ్రవరి మొదటి రెండు మూడు రోజుల్లో. 4వ తేదీన బాంబులు పడ్డాయి. అమెరికా క్రూయిజర్ ‘మార్బుల్‌హెడ్’ చుక్కాని బిగుసుకుపోయి, ఇంజన్లతోనే దిశ మార్చుకుంటూ జావా దక్షిణ తీరంలోని చిలచాప్ రేవు చేరింది. అక్కడి నుంచి సింహళం, దక్షిణాఫ్రికా మీదుగా మే నెలలో న్యూయార్క్. మరో అమెరికా క్రూయిజర్ ‘హ్యూస్టన్’ వెనుక ఫిరంగుల గది కాలిపోయింది. పైన తమవైపు ఒక్క యుద్ధవిమానం లేనప్పుడు వెనక్కి తిరగడం పిరికితనం కాదు. పైగా డోర్మన్ స్వయంగా విమాన చోదకుడు. 1915లోనే డచ్ నౌకాదళంలో విమానం నడపడం నేర్చినవాడు. ఆకాశం చేతిలో లేకపోతే ఏమవుతుందో ఆ నలుగురు దేశస్థుల్లో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 32 పీ-40 యుద్ధవిమానాలను మోసుకొస్తున్న అమెరికా నౌక ‘లాంగ్లీ’ని జపాన్ విమానాలు ముంచింది ఏ రోజో చూడండి. అదే ఫిబ్రవరి 27.

ఇక ఆ రోజు సంగతి. ముందు రోజు రాత్రంతా, తెల్లవారాక కూడా, శత్రు కాన్వాయ్ కోసం వెతికి, సిబ్బంది ఓపిక అయిపోయిందని కబురు పంపి సురబాయ రేవులోకి తిరిగాడు. మందుపాతరల మధ్య ఉన్న ఇరుకు దారిలో నౌకలు ఒకదాని వెనుక ఒకటి లోపలికి వస్తున్నాయి. అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. సైనిక ఓడలతో శత్రువు వస్తున్నాడన్న వార్త సరిగ్గా అప్పుడే అందింది. ఆ ఇరుకు దారిలోనే నౌకలను వెనక్కి తిప్పి బయటికి నడిపాడు. నూనె నింపలేదు, ఎవరూ నిద్రపోలేదు, ఉమ్మడి ప్రణాళిక చెప్పుకోవడానికి వ్యవధి లేదు. శత్రువు నాశనమయ్యే దాకా దాడులు ఆపవద్దని పైనుంచి హెల్‌ఫ్రిక్ ఆజ్ఞ. ఈ స్థితిలో ఉన్న మనిషిని మొండివాడు అనడానికి నాకు నోరు రాదు.


సంకేతాల మాస్టారు
ఫిబ్రవరి 27, రాత్రి 8.40

నేను నౌకాదళంలో సంకేతాల శాఖలో ఇరవై రెండేళ్లు పనిచేసి విరమించాను. మీ ఇద్దరి వాదనా చదివాను. నా చూపు వేరే చోట నిలిచింది.

నౌకలు గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వరుసలో పోతుంటాయి. ముందున్న నౌకలో అధిపతి ‘ఎడమకు తిరగండి’ అంటే ఆ మాట వెనకున్న ప్రతి నౌకకు చేరాలి, అందరూ ఒకే అర్థం తీసుకోవాలి, ఆ తర్వాత ‘ఇప్పుడు’ అన్న సంకేతం రాగానే ఒక్కసారి తిరగాలి. ఇందుకు జెండాలు, దీపం, రేడియో ఉంటాయి. వాటన్నిటికీ వెనుక ఒక సంకేత గ్రంథం ఉంటుంది. ఫలానా రెండు జెండాలు కలిపి ఎగరేస్తే ఫలానా అర్థం. మా శిక్షణలో ఆ పుస్తకం చేతికిచ్చి నెలల తరబడి వల్లె వేయించేవారు. అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పాలి. ఆ రోజు ఆ నాలుగు దేశాల నౌకలకు ఉమ్మడి పుస్తకం లేదు. డోర్మన్ డచ్ భాషలో ఆలోచించి ఆజ్ఞ ఇస్తాడు. ఆయన నౌక ‘డి రాయ్టర్’లో ఉన్న అమెరికన్ సంధాన అధికారి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపాలి. ఫిరంగులు మోగుతుండగా ఈ పని జరగాలి. అందులోనూ బ్రిటిష్ క్రూయిజర్ ‘ఎక్సెటర్’, ఆస్ట్రేలియా క్రూయిజర్ ‘పెర్త్’, మూడు బ్రిటిష్ డిస్ట్రాయర్లు సురబాయ చేరింది 26న. ఆ సాయంత్రం ఒక్క సమావేశం పెట్టుకుని రాత్రికే బయలుదేరారు. కలిసి ఒక్క రోజు కూడా సాధన చేయలేదు.

సాయంత్రం 5.08కి జరిగింది చూడండి. రెండో స్థానంలో ఉన్న ‘ఎక్సెటర్’ బాయిలర్ల గదిలో గుండు పడింది. ఎనిమిది బాయిలర్లలో ఆరు ఆరిపోయాయి. వేగం పడిపోయి, వెనకున్న నౌక గుద్దుకోకుండా ఎడమకు తప్పుకుంది. వెనుక వస్తున్న ‘హ్యూస్టన్’ ఏమనుకుంది? తిరగమన్న ఆజ్ఞ తమకు అందలేదు కాబోలు అనుకుని తానూ తిరిగింది. ‘పెర్త్’ తిరిగింది, డచ్ క్రూయిజర్ ‘జావా’ తిరిగింది. అధిపతి నౌక ‘డి రాయ్టర్’ మాత్రం అదే దారిలో ఒంటరిగా ముందుకు పోతోంది. వెనక్కి చూస్తే వరుస లేదు. ఆ గందరగోళంలోనే డచ్ డిస్ట్రాయర్ ‘కోర్టెనార్’కు టార్పెడో (నీటి కింద దూసుకొచ్చే పేలుడు ఆయుధం) తగిలి రెండు ముక్కలైంది.

తర్వాత అమెరికన్ డిస్ట్రాయర్లకు వెంట వెంట వచ్చిన ఆజ్ఞలు: ఎదురుదాడి చేయండి. ఎదురుదాడి రద్దు. పొగ వేయండి. నా ఉపసంహరణకు కాపు కాయండి. ఆ నాలుగు నౌకల నాయకుడు బిన్‌ఫోర్డ్ ఆఖరి ఆజ్ఞకు తనకు తోచిన అర్థం చెప్పుకుని, దూరం నుంచే టార్పెడోలన్నీ వదిలేశాడు. ఒక్కటీ తగల్లేదు.

రాత్రి 9.25కి బ్రిటిష్ డిస్ట్రాయర్ ‘జూపిటర్’ మందుపాతర మీదికి పోయింది. ఆ మందుపాతరను ఆ రోజే డచ్చివారే వేశారు. ఆ కబురు దళానికి అందలేదు.

సాగరిక గారూ, నాయకుడి తప్పులుంటాయి. కానీ సంకేత గ్రంథం లేకుండా సముద్రం మీద నాయకత్వం అనేదే లేదు. నా సర్వీసంతా నేను నమ్మిన మాట ఇది.


సాగరిక
ఫిబ్రవరి 27, రాత్రి 9.30

మాస్టారూ, 5.08 నాటి ఆ దృశ్యం నాకు ఇన్నాళ్లూ ఇంత స్పష్టంగా తెలియదు. డోర్మన్ గురించి అన్న మాటల్లో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. బాడుంగ్ విషయంలో మాత్రం నా మాట నాదే.

ఒక సందేహం. అంకెల్లో ఇరుపక్షాలూ మరీ తేడాగా లేవు. జపాన్ వైపు తకాగి అనే అడ్మిరల్ కింద రెండు భారీ క్రూయిజర్లు, రెండు తేలిక క్రూయిజర్లు, పద్నాలుగు డిస్ట్రాయర్లు. ఒక వైపు నష్టం అంత ఘోరంగా, రెండో వైపు అంత తక్కువగా ఎలా ఉంది?


పాతపటాలు
ఫిబ్రవరి 27, రాత్రి 10.10

టార్పెడో. జపాన్ వారి 93వ రకం టార్పెడో మామూలు గాలికి బదులు ఆక్సిజన్‌తో నడిచేది. మందు బరువు 490 కిలోలు. పూర్తి వేగంతోనే ఇరవై కిలోమీటర్లు పోయేది, వేగం తగ్గిస్తే నలభై దాకా. ఆక్సిజన్ కావడంతో వెనుక బుడగల చార కూడా సరిగా కనిపించదు. ఇంత దూరం నుంచి టార్పెడో వస్తుందని మిత్రపక్షంలో ఎవరూ ఊహించలేదు. దగ్గరలో జలాంతర్గాములు ఉన్నాయనుకున్నారు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో జపాన్ భారీ క్రూయిజర్లు ‘హగురో’, ‘నాచి’ వదిలిన టార్పెడోలు ‘డి రాయ్టర్’కూ ‘జావా’కూ కొద్ది నిమిషాల తేడాలో తగిలాయి. మునిగేవారి కోసం ఆగవద్దని, బటావియాకు (ఇప్పటి జకార్తా) వెళ్లిపొమ్మని ‘పెర్త్’, ‘హ్యూస్టన్’లకు డోర్మన్ ఇచ్చిన ఆజ్ఞ ఆయన ఆఖరి ఆజ్ఞ. ఆ ఒక్క ఆజ్ఞను మాత్రం ఎవరూ పొరపాటుగా అర్థం చేసుకోలేదు.


హ్యూస్టన్ తెలుగువాడు
ఫిబ్రవరి 28, ఉదయం 7.20

నేను టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో ఉంటాను. ఊరి నడిబొడ్డున శామ్ హ్యూస్టన్ పార్కులో ఆ నౌక స్మారకం ఉంది. 1973లో సముద్రంలోంచి తీసిన నౌక గంట అక్కడే ఉంది. నేను ఏళ్ల తరబడి దాని పక్కనుంచే ఆఫీసుకు నడిచి వెళ్లాను, ఏమిటో తెలుసుకోలేదు. మా అమ్మాయి బడి పని కోసం అడిగితే మొదటిసారి ఆగి చదివాను.

ఆ మిగిలిన కథ ఇది. ‘పెర్త్’, ‘హ్యూస్టన్’ 28న బటావియా రేవు చేరాయి. నూనె చాలినంత లేదు, గుండ్లు లేవు. అంతకు ముందే ‘హ్యూస్టన్’ నావికులు కాలిపోయిన వెనుక గది కింద మిగిలిన గుండ్లను చేతులతో మోసి ముందు ఫిరంగుల దగ్గరికి చేర్చారు. రాత్రి సుందా జలసంధి గుండా తప్పించుకుపోదామని బయలుదేరితే, బాంటెన్ అఖాతంలో జపాన్ సేనలు దిగుతున్న చోటికే సరాసరి వచ్చి పడ్డాయి. అర్ధరాత్రి దాటాక ‘పెర్త్’ మునిగింది. కెప్టెన్ వాలర్‌తో పాటు 353 మంది పోయారు. తర్వాత ‘హ్యూస్టన్’. వెయ్యి మందికి పైగా ఉన్న నౌకలో బతికింది 368 మంది. కెప్టెన్ రూక్స్ నౌక మీదే చనిపోయాడు. ఆ చీకట్లో జపాన్ వదిలిన టార్పెడోలు వాళ్ల సొంత ఓడలకూ తగిలాయి. జావా దాడికి సేనాధిపతి అయిన ఇమమురా కూడా నీళ్లలో పడ్డాడు.

మూడు నెలల తర్వాత, మే 30న, మా ఊరి మెయిన్ స్ట్రీట్‌లో వెయ్యి మంది కుర్రవాళ్లు ఒకేసారి నౌకాదళంలో చేరుతున్నట్లు ప్రమాణం చేశారు. ఆ నౌక మీద ఉన్న వెయ్యి మందికి బదులుగా. ఊరు బాండ్లు కొని కొత్త ‘హ్యూస్టన్’కు డబ్బు కూడబెట్టింది.

బతికినవారిలో ఎక్కువమంది సయాం-బర్మా రైలుమార్గం పనికి బందీలుగా వెళ్లారు. 415 కిలోమీటర్ల ఆ దారి మీద వాళ్ల పక్కన చనిపోయినవాళ్లలో మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన కూలీలు వేలాదిగా ఉన్నారు. వాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. నౌక మీద పోయిన ప్రతి ఒక్కరి పేరూ ఇక్కడ రాతి మీద ఉంది. ఆ కూలీల పేర్లు రాసిపెట్టినవారు లేరు. అది చదివిన రోజు మా అమ్మాయితో ఎక్కువసేపు మాట్లాడలేకపోయాను.


పాతపటాలు
ఫిబ్రవరి 28, ఉదయం 9.00

మీరు రాసింది చదివాక ఇంకొక సంగతి చెప్పాలనిపించింది. మార్చి 1న ‘ఎక్సెటర్’, బ్రిటిష్ డిస్ట్రాయర్ ‘ఎన్‌కౌంటర్’, అమెరికన్ డిస్ట్రాయర్ ‘పోప్’ మూడూ మునిగాయి. బ్రిటిష్ నావికులు చమురు తేలుతున్న నీళ్లలో రాత్రంతా ఉన్నారు. మర్నాడు జపాన్ డిస్ట్రాయర్ ‘ఇకజుచి’ ఆ దారిన వచ్చింది. దాని కెప్టెన్ షున్‌సకు కుడో, జలాంతర్గాముల భయం ఉన్నా నౌకను ఆపించి నాలుగు వందల మందికి పైగా పైకి తీయించాడు. అతని సొంత సిబ్బంది అందులో సగమే. ఒళ్లంతా పట్టిన చమురు తుడిపించి, బట్టలు, నీళ్లు ఇప్పించాడు. ఈ విషయం ఆయన ఇంట్లోవారికి కూడా చెప్పుకోకుండా 1979లో పోయాడు. ఆ రోజు బయటపడ్డ ‘ఎన్‌కౌంటర్’ అధికారి శామ్ ఫాల్ తర్వాత బ్రిటిష్ రాయబారి అయ్యాడు. 2008లో, తొంభైకి దగ్గరపడిన వయసులో, జపాన్ వెళ్లి కుడో సమాధి దగ్గర నిలబడ్డాడు.


గోదావరి గట్టు
ఫిబ్రవరి 28, సాయంత్రం 5.45

తీరవాసి గారూ, మీరు విశాఖవారని ఇదివరకు రాసినట్లు గుర్తు. ఎక్కడో జావా దగ్గరి యుద్ధం మీకు ఇంతగా ఎందుకు పట్టుకుంది?


తీరవాసి
ఫిబ్రవరి 28, రాత్రి 9.15

అడిగినందుకు సంతోషం. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో పేలని జపాన్ బాంబు ఒకటి ఉంది. చిన్నప్పుడు మా తాతయ్య నన్ను తీసుకెళ్లి దాని ముందు నిలబెట్టి, “ఇది పడిన రోజు మేం పెందుర్తి దాటి నడిచిపోయాం” అన్నాడు. నెత్తిన మూటలు, చంకలో పిల్లలు, వెనక్కి చూడకుండా నడక. నాకు తెలిసిన పసిఫిక్ యుద్ధం అదొక్కటే.

ఆ బాంబు పడింది 1942 ఏప్రిల్ 6న. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. వాటిని తెచ్చిన విమానాలు ‘ర్యూజో’ అనే విమానవాహక నౌకవి. పెద్దయ్యాక ఆ పేరు వెతికితే ఫిబ్రవరి 15న గాస్పర్ జలసంధి దగ్గర డోర్మన్ దళం మీద బాంబులు వేసిన విమానాల్లోనూ దానివి ఉన్నాయని తెలిసింది. మార్చి 8న జావా లొంగిపోయింది. నెల తిరక్కుండానే అదే నౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. మా తాతయ్య మూట నెత్తికెత్తుకున్న కారణాన్ని వెతుక్కుంటూ పోతే నేను సురబాయ రేవుకు చేరాను.


సాగరిక
మార్చి 1, ఉదయం 8.30

మరి ఆ నౌకలు ఇప్పుడు ఎలా ఉన్నాయి? ఈతగాళ్లు వెళ్లి చూస్తారా?


పాతపటాలు
మార్చి 1, ఉదయం 11.20

రాయడానికే బాధగా ఉంది. ‘డి రాయ్టర్’, ‘జావా’ 2002లో దొరికాయి. 75 ఏళ్ల స్మారకం కోసం 2016లో సముద్రం అడుగును పరికరాలతో కొలిచి చూస్తే నౌకలు లేవు. రెండు క్రూయిజర్లు మొత్తంగా, ‘కోర్టెనార్’ చాలావరకు మాయం. ‘ఎక్సెటర్’, ‘ఎన్‌కౌంటర్’లదీ అదే గతి. పాత ఇనుము, రాగి, నౌకను నడిపే కంచు చక్రాల కోసం క్రేన్లున్న పడవలతో ముక్కలు ముక్కలుగా లాగి అమ్ముకున్నారు. వందలాది మంది అస్థికలు ఉన్న చోట్లవి. ‘పెర్త్’లోనూ సగానికి పైగా పోయిందని తర్వాత తేలింది. 2018లో ఇండోనేషియా ఆ చోటును రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

తెరమీద వచ్చిన చిత్రంలో ఇసుకలో పొడవాటి గుంట ఉంటుంది. నౌక ఒరిగి పడుకున్న ఆకారం అంతే ఉంది, నౌక లేదు.


సంకేతాల మాస్టారు
మార్చి 1, రాత్రి 7.50

ఆ చిత్రం నేనూ చూశాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆబ్డా తర్వాత ఏమైందో ఎవరూ రాయలేదు కనుక కొంచెం చెబుతాను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా నౌకలతో క్రేస్ అనే రియర్ అడ్మిరల్ కింద ఇంకో ఉమ్మడి దళం 1942 ఫిబ్రవరిలోనే ఏర్పడింది. ఏప్రిల్‌లో దాని పేరు 44వ టాస్క్‌ఫోర్స్. మే 7న పగడాల సముద్రంలో జపాన్ విమానాల దాడిని తట్టుకున్నాక, అమెరికా సొంత బాంబర్లే పొరపాటున దాని మీద బాంబులు వేశాయి. ఆగస్టు 9 రాత్రి సావో దీవి దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ ‘కాన్‌బెరా’తో పాటు మూడు అమెరికా క్రూయిజర్లు పోయాయి. అంటే పాఠం వెంటనే ఒంటబట్టలేదు.

1945లో బ్రిటిష్ పసిఫిక్ నౌకాదళం 57వ టాస్క్‌ఫోర్స్‌గా ఒకినావా యుద్ధానికి వచ్చినప్పుడు మాత్రం తమ సంకేత గ్రంథాలు పక్కన పెట్టి అమెరికన్ గ్రంథాలు నేర్చుకుని వచ్చింది. శతాబ్దాల గర్వం ఉన్న నౌకాదళం అది. అక్కడి సంకేతాల కుర్రవాళ్లు ఆ పుస్తకం కొత్తగా బట్టీ పట్టి ఉంటారని తలచుకుంటే నాకు చెప్పలేని గౌరవం కలుగుతుంది.

2020 నవంబరులో మలబార్ అనే ఉమ్మడి నౌకాదళ విన్యాసాల మొదటి విడత మన విశాఖ తీరంలో జరిగింది. భారత్, అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్. ఆ వారం రోజూ సాయంత్రం బీచ్ దాకా వెళ్లి నిలబడేవాణ్ణి. నౌకలు కనిపించవని తెలుసు, దూరంగా ఉంటాయి. అయినా వెళ్లాను.


తీరవాసి
మార్చి 1, రాత్రి 8.25

మాస్టారూ, వచ్చే ఆదివారం నేను మ్యూజియంకు మా అబ్బాయిని తీసుకెళ్తున్నాను. మీరూ వస్తారా? ఆ 5.08 సంగతి వాడికి మీ నోట వినిపించాలి.


సంకేతాల మాస్టారు
మార్చి 1, రాత్రి 8.40

వస్తాను. నా దగ్గర పాత చేతి జెండాలు రెండు ఉన్నాయి, తెస్తాను. అబ్బాయికి తన పేరు జెండాలతో చెప్పడం నేర్పుతాను.